కోరంగి గ్రామము: నేల, నీరు, చరిత్రము

ఒక ఊరి చరిత్రమును తెలిసికొనగోరువారు మొదట ఆ ఊరు నిలిచియున్న నేలను చూడవలయును. రాజుల పేర్లు, యుద్ధముల సంవత్సరములు పిదప చూచుకొనవచ్చును. నీరు ఎటు నుండి వచ్చి ఎటు పోవును? మన్ను ఎట్టిది? గాలి ఏ నెలలో ఏ దిక్కునుండి వీచును? ఈ ప్రశ్నలకు ఉత్తరములు దొరికినయెడల, జనులు అచ్చటికి ఏల వచ్చిరో, ఏల వెడలిపోయిరో చాలవఱకు బోధపడును. ఇందుకు నిదర్శనముగా మేము కోరంగిని ఎన్నుకొంటిమి. ఇది నేడు చిన్న గ్రామమే. కాని ఒకప్పుడు సముద్రమున కావలి దేశములలో తెలుగువానిని ఈ ఊరి పేరుతోనే పిలిచెడివారు.

ఉనికి

కోరంగి కాకినాడకు దక్షిణముగా సుమారు 10 మైళ్ల దూరమున, యానాము పోవు బాటమీద నున్నది. కాకినాడ జిల్లాలోని తాళ్లరేవు మండలమునకు చేరినది. ఊరికి పడమట వరిపొలములు, కొబ్బరితోటలు గలవు. తూర్పున మడ అడవి, దాని కావల సముద్రము.

త్ర్యంబకమువద్ద పుట్టిన గోదావరి సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించును. ధవళేశ్వరము దాటినపిదప అది గౌతమి, వసిష్ఠ అను రెండు పెద్ద పాయలుగా చీలును. గౌతమినుండి యానాము సమీపమున ఒక చిన్నపాయ వేఱుపడి, ఉత్తరముగా పాఱి, కాకినాడ అఖాతములో కలియును. అదియే కోరంగి యేఱు. పెద్దలు దీనిని సప్తగోదావరులలో ఆత్రేయ యని పిలుతురు. పుష్యమాసపు అమావాస్యనాడు చొల్లంగిలో స్నానముచేసి సప్తసాగరయాత్రకు బయలుదేరువారు ఈ పాయలో కూడ మునిగి పోవుట ఆచారము.

నేల పుట్టుక

ఈ ప్రదేశమున త్రవ్విచూచినచో కొండఱాయి దొరకదు. ఒండ్రు, ఇసుక, బురద, ఇవియే పొరలు పొరలుగా కానవచ్చును. వర్షకాలమున గోదావరి ఎఱ్ఱనై వచ్చుట మనమందఱము చూచినదే. ఆ యెఱుపు ఎగువ దేశముల నేల కరగివచ్చిన మన్ను. వేగముగ పాఱునంతవఱకు నీరు ఆ మంటిని మోసికొనిపోవును. సముద్రమును తాకగానే దాని వేగము తగ్గును. అంతేకాదు, ఉప్పునీటిలో సన్నని బంకమంటి రేణువులు ఒకదానికొకటి అంటుకొని, బరువెక్కి అడుగునకు దిగును. ఇట్లు వేలకొలది సంవత్సరములు దిగిన మన్నే గోదావరి డెల్టా. కోరంగి నిలిచిన నేల నది తెచ్చియిచ్చిన నేల. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. ఈ ఊరి భాగ్యమునకును, దౌర్భాగ్యమునకును కూడ ఇదియే మూలము.

ఓడల కాలము

బంగాళాఖాతపు పడమటి యొడ్డు చాలవఱకు తిన్నని ఇసుకతీరము. అలలు నేరుగా వచ్చి కొట్టును గాన ఓడలకు చాటు లేదు. కోరంగివద్ద మాత్రము అఖాతము నెమ్మదియైనది, ఏటిలోనికి పోవుటకు దారియు కలదు. ఓడకు దెబ్బతగిలినచో ఏటి బురదగట్టుకు చేర్చి బాగుచేసికొనవచ్చును. ఇట్టి తావులు ఈ తీరమున అరుదు. అందుచేత వర్తకులు, ఓడలుకట్టు వడ్రంగులు, కళాసులు ఇచ్చట కుదురుకొనిరి. కొయ్య ఓడలు కట్టు పనిలో తాళ్లరేవు ప్రసిద్ధి కెక్కినది.

చుట్టుపట్ల గ్రామములలో మేలైన నేతబట్టలు దొరకుటచే ఐరోపా వర్తకులును వచ్చిరి. ఇంజరములో 1708లో ఆంగ్లేయులు బట్టల వర్తకశాలను పెట్టిరి. ఫ్రెంచివారు 1723లో యానామునకు వచ్చిరి. 1758లో చందుర్తియొద్ద ఫ్రెంచివారు ఓడిపోయినపిదప, 1759లో ఆంగ్లేయులు కోరంగిలో స్థానము నేర్పఱచుకొనిరి. కొలది మైళ్ల లోపల ఇన్ని కొఠీలు వెలయుటకు కారణము ఒక్కటే: లోపలి గ్రామముల మగ్గములును, బయటి సముద్రపు ఓడలును ఈ యేటి యొడ్డున కలిసికొనెను.

ఉప్పెనలు

1789వ సంవత్సరము డిసెంబరులో తుపాను వచ్చెను. సముద్రము మూడు పెద్ద కెరటములుగా లేచి ఊరిమీద పడెనని ఆనాటి వృత్తాంతములు చెప్పుచున్నవి. మొదటిది ఓడలను గట్టుమీదికి విసరెను. తరువాతివి ఊరిని, పరిసరములను ముంచివేసెను. సుమారు ఇరువదివేలమంది మరణించిరని లెక్కకట్టిరి. మిగిలినవారు మరల ఇండ్లు కట్టుకొనిరి. ఏబదియేండ్లకు, 1839 నవంబరు 25న, మరియొక ఉప్పెన వచ్చి ఆ యిండ్లను, రేవులోని ఓడలను నాశనముచేసెను.

ఉప్పెన అనగా గాలి లేపు సామాన్యమైన అల కాదు. తుపాను గాలి గంటలకొలది ఒక్కదిక్కుగా వీచి సముద్రపు నీటిని తీరముమీదికి త్రోయును. సముద్రము లోతైనచో ఆ నీరు అడుగునుండి తిరిగిపోవును. లోతు తక్కువైనచో పోవుటకు దారిలేక గుట్టగా లేచును. కోరంగి ముందటి సముద్రము నది మంటితో నిండి లోతు తగ్గినది. తీరపు నేల ఎత్తును మిక్కిలి తక్కువ. దానికి సముద్రపు పోటు తోడైనచో ఇక చెప్పనక్కఱలేదు.

కలకత్తాలో నుండి తుపానులను పరిశోధించిన హెన్రీ పిడింగ్టను అను నతడు కోరంగి ఉప్పెనల వృత్తాంతములను కూడ సేకరించెను. చుట్టచుట్టుకొన్న పామువలె సుడితిరుగు గాలికి ‘సైక్లోను’ అను పేరు పెట్టినవాడు ఆయనయే. ఆ పేరును 1848లో ప్రకటించిన గ్రంథమున వాడెను. నేడు రేడియోలో విను ఆ మాట వెనుక ఈ తీరపు జనుల దుఃఖమును కొంత కలదు.

రేవు పూడుట

అయినను కోరంగి రేవును చంపినది తుపాను కాదు. తుపాను రెండు రోజులలో పోవును, జనులు మరల వత్తురు. మన్ను మాత్రము ఏటేట వచ్చుచునే యుండెను. గౌతమి తెచ్చిన ఇసుకను సముద్రపు ప్రవాహము ఉత్తరముగా జరపగా, అఖాతమునకు అడ్డముగా పొడవైన ఇసుకదిబ్బ పెరిగెను. దానినే నేడు హోపు ద్వీపమందురు. ఈ దిబ్బ అలలను ఆపి లోపలి నీటిని మఱింత నిశ్చలము చేసెను. నిశ్చలమైన నీటిలో మన్ను త్వరగా దిగును. ఏ చాటును కోరి ఓడలు వచ్చెనో, ఆ చాటే రేవును పూడ్చెను. పెద్ద ఓడలు ఏటిలోనికి రాజాలక కాకినాడ వైపునకు మరలెను. వర్తకులును వానివెంట పోయిరి. 19వ శతాబ్ది ముగియునప్పటికి కోరంగి రేవు పేరునకు మాత్రమే మిగిలెను.

పేరు చేసిన ప్రయాణము

రేవు పోయినను పేరు పోలేదు. ఇచ్చటినుండి ఓడనెక్కినవారిని, పిమ్మట కాకినాడనుండియు విశాఖపట్టణమునుండియు వెళ్లినవారిని కూడ, బర్మాలో ‘కోరంగీలు’ అనిరి. మారిషసు ద్వీపములోను తెలుగువారికి ఈ పేరే కలిగినది. 1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైనపిదప రంగూను బియ్యపుమిల్లులకు, రేవునకు కూలీలు కావలసివచ్చిరి. గోదావరి, విశాఖపట్టణ మండలముల బీదలు వేలకొలది వెళ్లిరి. బస్తాలు మోసి ఇంటికి డబ్బు పంపిరి. 1930 మే నెలలో రంగూను రేవుపనిని గుఱించి పుట్టిన కలహములో వారిలో పెక్కురు ప్రాణములు కోల్పోయిరి. 1942లో యుద్ధము బర్మాకు వచ్చినప్పుడు ఎందఱో కాలినడకను కొండలు దాటి స్వదేశము చేరిరి. ఊరిని ఎన్నడును చూడనివానికిని ఆ ఊరిపేరే గుర్తయ్యెను. కూలివాని సొంతపేరు అడుగువారు లేనిచోట అతని రేవుపేరు నిలిచెను.

పొలము, మడ అడవి

1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టవలన తూర్పు డెల్టాకు కాలువలు వచ్చెను. వానిలో ఒకదానికి కోరంగి కాలువ యనియే పేరు. సముద్రమువైపు చూచిన గ్రామము క్రమముగా పొలమువైపు తిరిగెను. నేడిచ్చటివారికి వరి, కొబ్బరి, చేపలు, రొయ్యలు జీవనాధారము.

పూడిన బురదలో మడచెట్లు మొలచెను. తెల్లమడ, నల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల మొదలగు చెట్లు ఉప్పునీటికి ఓర్చుకొని పెరుగును. బురదలో గాలి ఆడదు గాన మడచెట్ల వేళ్లు మేకులవలె పైకిలేచి ఊపిరి తీసికొనును. ఆ వేళ్లసందున రొయ్యపిల్లలు, చేపపిల్లలు పెరుగును. నీటిపిల్లులు, నీటికుక్కలు ఈ యడవిలో నివసించును. 1978లో ప్రభుత్వమువారు సుమారు 235 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును అభయారణ్యముగా ప్రకటించిరి.

దట్టమైన మడ అడవి అలల బలమును విఱుచును. 1789లో చచ్చినవారిని తలచుకొన్నచో ఈ చెట్ల విలువ తెలియును. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. ఆపద చరిత్రములోనికి పోయినదని ఎవరును అనుకొనరాదు. అయినను వంటచెఱకునకై మడచెట్లు కొట్టినవారు కలరు. 1990 మొదలుకొని ఈ తీరమున రొయ్యలచెఱువులకై అడవిని తీసినవారును కలరు.

మరియొక చిత్రము చూడుడు. నాడు మన్ను ఎక్కువై రేవు పూడెను. నేడు ఎగువ నదిమీద కట్టిన ఆనకట్టలవెనుక మన్ను నిలిచిపోవుటచే సముద్రమునకు చేరు ఒండ్రు తగ్గినది. ఒండ్రు రానిచో తీరమును అలలు కోయును. కాకినాడకు ఉత్తరముననున్న ఉప్పాడలో ఇండ్లు, బాటలు కోతకు గురియగుట అందఱెఱిగినదే. నది ఇచ్చినదానిని నది పోషింపనిచో నేల నిలువదు.

విద్యార్థులకు

కోరంగి నేర్పునది ఇది: ఊరిని పెంచినదేదో ఊరిని మార్చునదియు అదియే కావచ్చును. కనుక దానిని కనిపెట్టియుండుట గ్రామవాసుల ధర్మము. విద్యార్థులు సెలవులలో తమతమ ఊళ్ల పటమును చేతితో గీయుదురుగాక. చెఱువు, వాగు, మెరక, పల్లము గుర్తింపవలెను. ఊరిలో మొదటి ఇండ్లు ఏ తావున లేచినవి, వరద వచ్చిననాడు నీరు ఎంతవఱకు ఎక్కినది, పూర్వమున్న కాలువ ఏది పూడినది అని తాతలను, అవ్వలను అడిగి వ్రాసికొనవలెను. అట్టి పటములు పది చేరినచో గ్రామమునకు మంచి చరిత్రము సిద్ధమగును. ఎచ్చట ఇల్లు కట్టరాదో, ఏ చెట్టును కొట్టరాదో ఆ పటమే చెప్పును.