కొలిచినది, ఊహించినది – త్రిమితీయ చిత్రణకు పదార్థ నిర్ణయము

మణుగూరు విద్యార్థికి భూగర్భము కేవలము పుస్తకములోని పాఠము కాదు, ఇంటి ముంగిటి విషయము. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతములో బొగ్గును గుర్తించిన తరువాత, గోదావరి లోయలోని బొగ్గు పొరలను కాగితముపై చూపవలసిన అవసరము కలిగినది. ఆ పని మొదట ప్లానులతో, సెక్షన్లతో జరిగినది. నేడు కంప్యూటరు తెరపై అటూ ఇటూ తిప్పి చూడగల త్రిమితీయ చిత్రములు వచ్చినవి.

ఈ చిత్రములలో ఒక చిక్కు ఉన్నది. బోరు వేసిన చోట పొర లోతును, మందమును కొలిచి తెలుసుకుంటాము. రెండు బోర్ల నడుమ ఉన్నదానిని ఊహించి పూరిస్తాము. తెరపై మాత్రము రెండూ ఒకే నల్లని పొరగా కనిపిస్తాయి. ఏది కొలిచినదో, ఏది ఊహించినదో చూసేవారికి ఎట్లు తెలియును?

ఇక్కడ అక్కరకు వచ్చే శాస్త్రమే ఆంటాలజీ. ఒక రంగములో ఏయే వస్తువులు ఉన్నవో, వాటి గుణములేవో, పరస్పర సంబంధములేవో యంత్రము సైతము గ్రహించునట్లు నిర్ణయించి చెప్పుట దీని పని. ఇందుకై ‘ఔల్’ అను భాషను వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2004లో ప్రమాణముగా ఆమోదించినది. భాష కొత్తదే కాని ఆలోచన పాతది. అరిస్టాటిల్ చెప్పిన పది పదార్థములను అరబ్బీ తార్కికులు ‘మఖూలాత్’ అన్నారు. మన అన్నంభట్టు ‘తర్కసంగ్రహము’లో ఏడు పదార్థములను చెప్పి, వాటిలో చివరిదిగా ‘అభావము’ను చేర్చినాడు.

ఈ పద్ధతిలో ఒక చిత్రణ విధానమును వర్ణింపవలెనన్న నాలుగు ప్రశ్నలు వేయవలెను. చూపుచున్నది బిందువా, తలమా, ఘనమా? దానిని ఏ గుర్తుతో చూపుచున్నాము? చూసేవారు దానిని తిప్పగలరా, కోసి చూడగలరా? ముందున్నది వెనుకనున్న దేనిని మరుగు పరచుచున్నది? వీటికి తోడు ప్రతి భాగమునకు ‘కొలిచినది’, ‘ఊహించినది’ అను గుణము తప్పక ఉండవలెను. అప్పుడు ఊహించిన భాగమును వేరు రంగులో చూపుమని యంత్రమును ఆదేశింపవచ్చును.

ఔల్‌లో మరొక మంచి నియమము కలదు. చెప్పబడని విషయమును అది ‘లేదు’ అనదు, ‘తెలియదు’ అనియే భావించును. ఈ భేదము ఎంత విలువైనదో 2002 జూలైలో అమెరికాలోని క్వీక్రీక్ గనిలో తెలిసినది. పక్కనున్న పాత గని చివరి పటము దొరకలేదు. అసంపూర్ణమైన పటమును నమ్మి తవ్వగా, పాత గనిలోని నీరు లోనికి విరుచుకుపడినది. లోపల చిక్కిన 9 మంది కార్మికులు మూడు రోజులకు పైగా మృత్యుముఖమున గడిపి, అదృష్టవశమున అందరూ బయటపడినారు. పటములోని ఖాళీని ‘అక్కడ ఏమియు లేదు’ అని చదువుటయే ఆ ఆపదకు మూలము.

విద్యార్థులారా! మన ఇండ్లలో అనేకులు గనిలోనికి దిగి వచ్చువారే. రేపు మీలో కొందరు ఆ పటములు గీయువారు కావచ్చును. అందమైన చిత్రము గీయుటకు ముందు, తెలిసినదేదో తెలియనిదేదో వేరుచేసి చెప్పుట నేర్చుకొనుడని మా మనవి.