వెబ్‌లాజిక్ వేసే ముందు అడగాల్సిన ప్రశ్నలు

మిడిల్‌వేర్ అడ్మిన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసే ప్రతిసారీ నేను ఒకే ప్రశ్నతో మొదలుపెడతాను. "రెండు లినక్స్ సర్వర్లు ఇచ్చాం. శనివారం రాత్రికి వాటి మీద వెబ్‌లాజిక్ నడవాలి. ఇవాళ సోమవారం. ఏం చేస్తారు?"

ఎక్కువమంది తడుముకోకుండా చెప్పేస్తారు. జావా వేస్తాం, ఇన్‌స్టాలర్ జార్ ఫైలు రన్ చేస్తాం, నెక్స్ట్ నొక్కుకుంటూ పోతాం, కాన్ఫిగరేషన్ విజార్డ్‌లో డొమైన్ క్రియేట్ చేస్తాం, బ్రౌజర్‌లో 7001 పోర్టు కొట్టి కన్సోల్ చూపిస్తాం. అందులో తప్పేమీ లేదు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో నేర్పే వరస అదే. పిల్లలు కష్టపడి నేర్చుకున్నారు, ఉన్నదున్నట్టు అప్పజెప్పారు. అయితే ఆ పనంతా ఇప్పుడు స్క్రిప్టు చేసేస్తుంది. రెస్పాన్స్ ఫైలు ఒకటి, డొమైన్‌కు డబ్ల్యూఎల్‌ఎస్‌టీ (వెబ్‌లాజిక్ స్క్రిప్టింగ్ టూల్) స్క్రిప్టు ఒకటి ఉంటే మనిషి చెయ్యి పడకుండానే సర్వర్ లేచి నిలబడుతుంది. ఆ ఫైళ్లలో ఏ విలువలు రాయాలో చెప్పగలిగిన మనిషి కోసమే కంపెనీలు వెతుకుతున్నాయి.

రెండేళ్ల కిందట అనంతపురం వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. అనుభవం ఏడాది కూడా లేదు. నా ప్రశ్న విని కాసేపు ఆగి, జవాబు చెప్పకుండా నన్నే అడిగింది: "దాని మీద ఏ అప్లికేషన్ నడుస్తుంది సార్? డేటాబేస్ ఏ సర్వర్‌లో ఉంది? మధ్యలో ఫైర్‌వాల్ ఉందా?" ఆ మూడు ప్రశ్నలు విన్నాక మిగతా ఇంటర్వ్యూ నాకు లాంఛనంగా అనిపించింది. ఉద్యోగం కోసం తిరుగుతున్న మీ అందరికీ ఆ అమ్మాయిలా అడగడం ఎలాగో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందుగా, ఈ పని ఎక్కడుంది? వెబ్‌లాజిక్ అనే చిన్న కంపెనీని 1998లో బీఈఏ కొన్నది, ఆ బీఈఏని 2008లో ఒరాకిల్ కొన్నది. అప్పటినుంచి ఒరాకిల్ తన పెద్ద ఉత్పత్తులను వెబ్‌లాజిక్ సర్వర్ మీదే నిలబెట్టింది. ఈ-బిజినెస్ సూట్ 12.2 దీనిమీదే నడుస్తుంది. పీపుల్‌సాఫ్ట్, బ్యాంకుల్లో వాడే ఫ్లెక్స్‌క్యూబ్ కూడా దీన్ని వాడుకుంటాయి. కొత్త స్టార్టప్‌లు స్ప్రింగ్ బూట్‌లో టామ్‌క్యాట్‌ను కలిపేసి పని కానిచ్చేస్తాయి, వాటికి మన అవసరం అంతగా ఉండదు. బ్యాంకులు, బీమా కంపెనీలు, ప్రభుత్వ శాఖలు, వాటికి సేవలందించే ఐటీ కంపెనీలే మనకు పని ఇచ్చేవి. ఐబీఎం వెబ్‌స్ఫియర్, రెడ్ హ్యాట్ జేబాస్ నేర్చుకున్నవాళ్లకూ ఇక్కడ చెప్పేదంతా వర్తిస్తుంది. పేర్లు మారతాయి, అడగాల్సినవి మారవు.

మొదటి ప్రశ్న వెర్షన్ల గురించి. ఒరాకిల్ తన సైటులో ఏ వెర్షన్ ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద, ఏ జావాతో, ఏ డేటాబేస్‌తో నడుస్తుందో సర్టిఫికేషన్ మ్యాట్రిక్స్ అని పెద్ద ఎక్సెల్ ఫైలు పెడుతుంది. విద్యార్థులు దాన్ని తెరిచి చూసిన సందర్భం దాదాపు ఉండదు. 12.2.1.4కు జావా 8 కావాలి. 14.1.1కు 8 గానీ 11 గానీ సరిపోతుంది. 14.1.2 అయితే 17 లేదా 21 కావాలి. అప్లికేషన్ రాసినవాళ్లు జావా 8 దాటి పరీక్షించలేదంటే కొత్త వెర్షన్ ఎంత బాగున్నా మీరు వెయ్యలేరు. టామ్‌క్యాట్‌లో ఇదే చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. 9 నుంచి 10కి వచ్చేసరికి ప్యాకేజీల పేర్లు జావాఎక్స్ నుంచి జకార్తాకు మారిపోయాయి, పాత అప్లికేషన్ అలాగే తీసుకొచ్చి పెడితే లేవదు.

తర్వాత పోర్టులు. అడ్మిన్ సర్వర్‌కు డీఫాల్ట్ 7001, ఎస్‌ఎస్‌ఎల్‌కు 7002, నోడ్ మేనేజర్‌కు 5556, అవతల ఒరాకిల్ డేటాబేస్ లిజనర్‌కు 1521. ఈ నంబర్లు బట్టీపడితే సరిపోదు. ఏ సర్వర్ నుంచి ఏ సర్వర్‌కు, ఎటువైపు, ఏ పోర్టు తెరవాలో ఒక పట్టికగా రాసి నెట్‌వర్క్ టీమ్‌కు పంపాలి. పెద్ద కంపెనీల్లో ఫైర్‌వాల్ రిక్వెస్టుకు రెండు మూడు అనుమతులు కావాలి, రోజులు పడుతుంది. శనివారం రాత్రి పనికి సోమవారమే కూర్చోవడం అందుకే. రెండో సర్వర్ ఉన్నప్పుడు ఇంకొకటి చూసుకోవాలి. విజార్డ్‌లో మెషిన్‌కు, నోడ్ మేనేజర్‌కు లిజన్ అడ్రస్ డీఫాల్ట్‌గా లోకల్‌హోస్ట్ అని ఉంటుంది. ఒకే ల్యాప్‌టాప్ మీద నేర్చుకున్నవాళ్లు దాన్ని గమనించరు, ఎందుకంటే అక్కడ అంతా పనిచేస్తుంది. రెండో సర్వర్ వచ్చేసరికి అడ్మిన్ సర్వర్ దాని నోడ్ మేనేజర్‌ను అందుకోలేదు.

మెమరీ లెక్క కాగితం మీద వేసి చూడండి. సర్వర్‌కు 32 జీబీ ర్యామ్ ఉంది, ఒక్కొక్కటి 8 జీబీ హీప్‌తో మేనేజ్డ్ సర్వర్లు నాలుగు పెట్టొచ్చా అని అడిగితే, నాలుగు ఎనిమిదులు ముప్పైరెండు, సరిపోతుంది సార్ అనేవాళ్లున్నారు. జేవీఎం తీసుకునేది హీప్ ఒక్కటే కాదు. క్లాసుల కోసం మెటాస్పేస్ ఉంటుంది, 64 బిట్ లినక్స్‌లో ప్రతి థ్రెడ్‌కూ స్టాక్ కింద ఒక ఎంబీ కేటాయిస్తుంది, ఇంకా నేటివ్ మెమరీ ఉంటుంది. ఒక్కో సర్వర్‌కు హీప్ మీద కనీసం ఒకటిన్నర, రెండు జీబీ అదనంగా వేసుకోవడం నా అలవాటు. అడ్మిన్ సర్వర్‌కు రెండు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు నాలుగు తీసేస్తే ఆ యంత్రం మీద 8 జీబీవి రెండే హాయిగా ఉంటాయి. డిస్కు కూడా దీనితోనే ముడిపడి ఉంది. మెమరీ నిండినప్పుడు హీప్ డంప్ రాసేలా ఆప్షన్ పెట్టి ఉంటే జేవీఎం ఒక ఫైలు రాస్తుంది, 8 జీబీ హీప్‌కు ఆ ఫైలు దాదాపు అంతే ఉండొచ్చు. లాగ్‌లు, డంప్‌లు ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్కులోనే పడుతుంటే రెండు డంప్‌లతో మొత్తం సర్వర్ స్తంభించిపోతుంది. వాటికి వేరే మౌంట్ పాయింట్ అడగాలి, అది కూడా ముందే అడగాలి.

ఇంటర్వ్యూల్లో నేను ఎక్కువసేపు ఆగేది కనెక్షన్ పూల్ దగ్గర. నాలుగు మేనేజ్డ్ సర్వర్లున్న క్లస్టర్‌కు డేటా సోర్స్ టార్గెట్ చేసి మాక్సిమమ్ కెపాసిటీ 100 అని పెట్టారనుకోండి. డేటాబేస్‌కు మొత్తం ఎన్ని కనెక్షన్లు వెళ్తాయి? వంద అనే జవాబే ఎక్కువగా వస్తుంది. ప్రతి మేనేజ్డ్ సర్వర్‌కూ తన పూల్ తనకే ఉంటుంది కాబట్టి నాలుగు వందల దాకా వెళ్లొచ్చు. అవతల డీబీఏ ప్రాసెసెస్ పరిమితి 300 పెట్టి ఉన్నారు, అందులో డేటాబేస్ సొంత బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌లు కొన్ని తీసేసుకుంటాయి. శనివారం రాత్రి టెస్టింగ్‌లో ముగ్గురు లాగిన్ అవుతారు, అంతా పచ్చగా కనిపిస్తుంది. సోమవారం ఉదయం పదకొండింటికి బ్రాంచీలన్నీ ఒక్కసారి పనిలో దిగగానే లాగ్ నిండా ఓఆర్‌ఏ-00020. అప్పుడు యాప్ టీమ్ మనవైపు, మనం డీబీఏ వైపు చూస్తాం. ఆ రెండు అంకెల్నీ పని మొదలుపెట్టిన సోమవారమే ఒకే షీటులో పక్కపక్కన రాసి ఉంటే డీబీఏతో అయిదు నిమిషాల ఫోనుతో తేలిపోయేది. ఫైర్‌వాల్ ఖాళీగా ఉన్న కనెక్షన్లను కొంతసేపటికి చప్పుడు లేకుండా తెంచేస్తుంటుంది కూడా. పొద్దున్నే మొదట లాగిన్ అయినవాడికే ఎర్రర్ వస్తోందంటే నేను ముందు చూసేది డేటా సోర్స్‌లో టెస్ట్ కనెక్షన్స్ ఆన్ రిజర్వ్ ఆన్‌లో ఉందా లేదా అని.

ఏ యూజర్‌తో వెయ్యాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. నా మొదటి ఉద్యోగంలో దానివల్లే దెబ్బతిన్నాను. ఒక క్లయింట్ దగ్గర రాత్రి రెండు దాటింది, మేనేజ్డ్ సర్వర్ లేవడం లేదు, తొందరలో రూట్‌గా మారి స్టార్ట్ స్క్రిప్టు నడిపాను. లేచింది. అందరం ఇంటికెళ్లి పడుకున్నాం. వారం తర్వాత ఓఎస్ ప్యాచింగ్ కోసం సర్వర్ రీబూట్ చేశారు. నోడ్ మేనేజర్ మామూలు యూజర్‌తో లేచి మేనేజ్డ్ సర్వర్‌ను లేపబోయింది, పర్మిషన్ డినైడ్. లాగ్ ఫోల్డర్‌లో ఫైళ్ల జాబితా తీస్తే వరసగా ఒరాకిల్, ఒరాకిల్, ఒరాకిల్ అని ఓనర్ పేరు, మధ్యలో నాలుగు ఫైళ్లకు మాత్రం రూట్. ఆ నాలుగూ నేను ఆ రాత్రి పుట్టించినవి. ఓనర్ మార్చడానికి ఒక్క కమాండ్ చాలు, కానీ అది కనిపెట్టేలోగా నలభై నిమిషాలు సేవ ఆగిపోయింది. అప్పటినుంచి ఏదైనా వేసే ముందు నేను రాసుకునే షీటులో మొదటి వరుస యూజర్, గ్రూప్ పేర్లదే. ఇన్‌స్టాల్ చేసేవాడు, స్టార్ట్ చేసేవాడు, ప్యాచ్ వేసేవాడు ఒకే యూజర్. రూట్ అవసరమయ్యే పని ఇన్వెంటరీ స్క్రిప్టు లాంటివి ఒకటి రెండే, వాటిని విడిగా రాసి సిస్టమ్ అడ్మిన్‌కు ముందే ఇస్తాను. అదే యూజర్‌కు ఓపెన్ ఫైల్స్ పరిమితి పెంచమని కూడా అప్పుడే అడుగుతాను. లినక్స్‌లో మామూలుగా ఉండే 1024 సరిపోదు.

ఫోల్డర్ల విషయానికొస్తే, డొమైన్‌ను ఒరాకిల్ హోమ్ లోపల పెట్టకండి, బయట వేరే చోట పెట్టండి. రేపు సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వస్తే మీ కాన్ఫిగరేషన్ దాని కింద చిక్కుకోదు. డొమైన్ ప్రొడక్షన్ మోడ్‌లో ఉండాలి. అడ్మిన్ సర్వర్ మీద అప్లికేషన్లు డిప్లాయ్ చెయ్యకూడదు. అది పడిపోయినా నడుస్తున్న మేనేజ్డ్ సర్వర్లు తమ పని తాము చేసుకుపోతాయి కాబట్టి, దాన్ని తేలిగ్గా ఉంచడమే మేలు.

భద్రత గురించి ఒక ఉదాహరణ చాలు. 2020 అక్టోబరులో ఒరాకిల్ వెబ్‌లాజిక్ కన్సోల్‌లో ఒక లోపానికి ప్యాచ్ ఇచ్చింది. పాస్‌వర్డ్ లేకుండానే, కన్సోల్ పోర్టును చేరగలిగిన ఎవరైనా సర్వర్‌ను తమ చేతిలోకి తీసుకోగలిగే లోపం అది. తీవ్రత 10కి 9.8. ప్యాచ్ వచ్చిన కొద్ది రోజుల్లోనే దాడులు మొదలయ్యాయి. కన్సోల్ ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్నవాళ్లకూ, లోపలి నెట్‌వర్క్‌లో ఉంచినవాళ్లకూ ఆ వారం ఎంత తేడాగా గడిచి ఉంటుందో ఊహించండి. ఒరాకిల్ ప్యాచ్‌లు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరుల్లో వస్తాయి. ప్లాన్ వేసేటప్పుడే ఆ నాలుగు నెలలకూ డౌన్‌టైమ్ ఒప్పించుకోవాలి, అప్లికేషన్ లైవ్‌లోకి వెళ్లాక ఎవరూ ఇవ్వరు. లైసెన్సు సంగతి మేనేజర్లు చూసుకుంటారు, కానీ ఇంటెల్ సర్వర్ల మీద ఒరాకిల్ కోర్ ఫ్యాక్టర్ 0.5 అని, అంటే 8 కోర్లకు 4 లైసెన్సులని తెలిసిన ఫ్రెషర్ కనిపిస్తే నాకు ముచ్చటేస్తుంది.

కంటైనర్లు వచ్చాక ఇదంతా దేనికని అడుగుతారు. వెబ్‌లాజిక్‌కు కూబర్నెటీస్ ఆపరేటర్ ఉంది, చాలాచోట్ల అటే వెళ్తున్నారు. అందులోనూ హీప్ ఎంత, పూల్ ఎంత, ఏ పోర్టు, ఏ యూజర్ అన్నవి ఎవరో ఒకరు యామల్ ఫైలులో రాయాల్సిందే. కంటైనర్ మెమరీ పరిమితి హీప్‌కు సమానంగా పెట్టి, పాడ్ ఎందుకు చచ్చిపోతోందో తెలియక తల పట్టుకునేవాళ్లను చూస్తూనే ఉన్నాను. ఎటు వెళ్లినా ముందు లినక్స్ గట్టిగా నేర్చుకోండి. నెట్‌వర్క్ మూలసూత్రాలు, కొంచెం ఎస్‌క్యూఎల్, డబ్ల్యూఎల్‌ఎస్‌టీ కోసం జైథాన్, తర్వాత ఆన్సిబుల్. ఒక్క ఉత్పత్తి పేరు మీదే జీవితం నడవదు. ఈ రంగంలో నైట్ షిఫ్టులు, శనివారం రాత్రులు తప్పవు. ఇంట్లోవాళ్లకు అది ముందే చెప్పి ఒప్పించుకోండి.

సాధన ఇంట్లోనే చెయ్యొచ్చు. 16 జీబీ ల్యాప్‌టాప్, వర్చువల్‌బాక్స్, ఒరాకిల్ లినక్స్ రెండు వర్చువల్ మెషిన్లు చాలు. నేర్చుకోవడానికి వెబ్‌లాజిక్ డెవలపర్ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతుంది. మెషిన్లు రెండు ఉండాలని గట్టిగా చెబుతున్నాను, పైన చెప్పిన చిక్కుల్లో సగం ఒక్క మెషిన్ మీద కనిపించవు. ఏదీ వెయ్యకముందే ఎక్సెల్‌లో షీటు తయారుచెయ్యండి: సర్వర్ పేర్లు, యూజర్లు, వెర్షన్లు, ఫోల్డర్లు, పోర్టులు, హీప్, పూల్, ఏ దశలో ఏం చూసి సరిగ్గా అయ్యిందని నిర్ధారించుకుంటారు, ఏ గంట దాటితే పని ఆపి పాత స్థితికి వెళ్తారు. ఈ చివరి గడి మీరు తప్పకుండా నింపాలి. తెల్లారి అయిదింటికి, నిద్ర లేని కళ్లతో, ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనిపించేటప్పుడు ఆ నిర్ణయం తీసుకోవడం ఎవరివల్లా కాదు.

షీటు పూర్తయ్యాక మెషిన్లు రెండూ చెరిపేసి, దాన్ని మీ రూమ్మేట్ చేతికిచ్చి, అందులో ఉన్నది మాత్రమే చూసి వెయ్యమనండి. మీరు పక్క గదిలో కూర్చోండి. "ఒరేయ్, ఇక్కడ ఏం కొట్టాలిరా?" అని కేక వినిపించిన ప్రతిసారీ షీటులో ఒక వరుస చేర్చండి. కేకలు ఆగిపోయినప్పుడు ఆ షీటు ప్రింటు తీసి ఇంటర్వ్యూకు పట్టుకురండి, రెజ్యూమె కంటే ముందు నేను దాన్నే అడుగుతాను.