‘సంఘననము’ అను పారిభాషిక పదము

భిలాయి ఉక్కు కర్మాగారమున బొగ్గును గాలి సోకకుండ వేడిచేసి కోకు తీయుదురు. అపుడు వెలువడు ఆవిరులలో కొన్ని చల్లారి తారగును, ఇది ద్రవీభవనము. తారునుండి లభించు ఫినాలు ఫార్మాల్డిహైడుతో కలిసి, నీటిని విడిచి, బేకలైటగును, ఇది సంఘననము. ఈ రెండింటికిని ఆంగ్లమున ఒకటే మాట. తెలుగు వేరుపరచుట మేలే.

1929లో కారొథర్సు పాలిమరులను రెండుగా విభజించెను. ఎథిలీను అణువులు ఏమియు విడువక వరుసగా చేరి పాలిథీనగుట సంకలనము. ఈ పేరు సార్థకము. సంఘననమున మాత్రము చిన్న అణువు తొలగుటయే ముఖ్య లక్షణము. పదమున ధ్వనించునది గట్టిపడుట. బేకలైటు వేడికి మరల మెత్తబడదు గనుక అచట చిక్కు కనబడదు. నైలాను సంఘననజమే, అయినను వేడికి కరగును. విద్యార్థి తడబడునది ఇచటనే.