పనివాని జేబుపుస్తకము

వడ్రంగి సంచిలో ఉలి, బాడిస, రంపము ఉండును. వానితోపాటు ఉండదగిన పనిముట్టు మరియొకటి కలదు. అది అరచేతిలో ఇముడు చిన్న పుస్తకము. కొలతలును, తూకములును, సూత్రములును అందు పట్టికలుగా నుండుటచే, పని నడుమ సందేహము కలిగినపుడు విప్పి చూచుకొనవచ్చును.

సింహళమునందును, పిమ్మట హిందూదేశమునందును రైలుమార్గముల పనిలో నుండిన గిల్ఫర్డ్ మోల్స్‌వర్త్ అను ఇంజనీరు 1860 దశకమున ప్రకటించిన జేబుపుస్తకము పలుమార్లు అచ్చయ్యెను. అమెరికాలో 1914లో వెలువడిన ‘మెషినరీస్ హ్యాండ్‌బుక్’ నేటికిని క్రొత్త కూర్పులతో వచ్చుచున్నది. వీనికి ఎన్నో శతాబ్దములకు పూర్వమే పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితమును తెలుగు పద్యములలో రచించెను. పద్యము కంఠస్థమైనచో అదియే జేబుపుస్తకము! తరువాతి కాలమున పెద్దబాలశిక్షలోని ఎక్కములు, కొలమానములు అనేక గృహములలో ఈ పనినే చేసినవి.

ఇక దీని ప్రయోజనమును చూతము. కొయ్యచక్రమునకు ఇనుప పట్టా వేయు కమ్మరిని తీసికొనుడు. చక్రపు వ్యాసము 5 అడుగులైనచో, 22చే హెచ్చించి 7చే భాగింపగా చుట్టుకొలత సుమారు 15 అడుగుల 8½ అంగుళములు. ఇనుము ఒక్కొక్క సెంటీగ్రేడు డిగ్రీ వేడిమికి తన పొడవులో పదిలక్షలకు 12 వంతులు సాగును. 500 డిగ్రీలు వేడెక్కిన ఆ పట్టా అంగుళమునకు పైగా పెరుగును. కావుననే కమ్మరి దానిని కొంచెము తక్కువ కొలతకు చేసి, కాల్చి తొడిగి, నీళ్లు పోయును. చల్లారిన పట్టా చక్రమును బిగబట్టును.

కడప, కర్నూలు సీమలలో నాపరాయి పనివారికి వేరొక చిక్కు కలదు. 1958 మొదలు మన దేశమున మెట్రిక్ మానములు క్రమముగా అమలులోనికి వచ్చినను, బండల బేరము తరచుగా చదరపు అడుగులలోనే సాగును. చదరపు మీటరునకు 10.76 చదరపు అడుగులు. దానిని పదియని తలచినవాడు 100 చదరపు మీటర్ల నేల పరచి, 76 చదరపు అడుగుల కూలిని పోగొట్టుకొనును. పట్టికలోని ఒక్క పంక్తి వాని కూలిని కాపాడును.

తూకమును అట్లే. 2 అడుగుల చదరమై, 1½ అంగుళముల మందము గల బండ అర ఘనపుటడుగు. ఈ రాయి ఘనపుటడుగు సుమారు 75 కిలోలుండును గనుక బండ ఇంచుమించు 37 కిలోలు. ఎత్తుటకు ముందే ఇది తెలిసినచో నడుము దక్కును.

అయితే అచ్చులో తప్పులుండవచ్చును. ఏ పట్టికనైనను నమ్ముటకు ముందు అందలి ఒక లెక్కను మీరే చేసి సరిచూడుడు. మరియు పుస్తకములకెక్కని కొలతలు మన పెద్దల చేతులలో నున్నవి. వ్రాసి ఉంచనిచో అవి వారితోనే పోవును. కనుక ప్రతి విద్యార్థియు ఒక చిన్న పుస్తకము కుట్టుకొని, ఎడమ పుటలో పట్టికలను, కుడి పుటలో తన ఇంటి వృత్తిలోని కొలతలను వ్రాసికొనవలెను.

అభ్యాసము: 4½ అడుగుల వ్యాసము గల చక్రపు చుట్టుకొలత ఎంత? పట్టాను వేడి చేయక తొడిగినచో ఏమగును?