కర్ణభేరికి అతుకు వేశాక వినికిడి ఎప్పుడొస్తుంది?



"చెవిలో చీము కారుతోంది, సరిగా వినపడటం లేదు" అంటూ సాయం కోరేవారిలో చాలామందికి ఉన్నది చిల్లుపడిన కర్ణభేరి. ఆపరేషన్‌కు డబ్బు కట్టగానే మన బాధ్యత తీరినట్టేనా? ఇది చదివాక మీరే ఆలోచించండి.

కర్ణభేరి సుమారు ఒక సెంటీమీటరు వెడల్పు, మిల్లీమీటరులో పదోవంతు మందం ఉన్న పలుచని పొర. శబ్దం తగిలితే అది అదురుతుంది. దాని వెనుకనున్న మూడు చిన్న ఎముకలు ఆ అదురును లోపలి చెవికి అందిస్తాయి. చీము పట్టినా, దెబ్బ తగిలినా, పిన్నీసుతో గెలికినా ఈ పొరకు చిల్లు పడవచ్చు. దెబ్బవల్ల పడిన చిన్న చిల్లులు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే పూడుకుంటాయి. పూడనివాటికి చేసేదే టింపానోప్లాస్టీ. 1950లలో జర్మనీ వైద్యులు వుల్‌స్టైన్, జోల్నర్ దీన్ని ఒక పద్ధతిలో పెట్టారు. ఇప్పుడు ఎక్కువగా చెవి పైనున్న కండరపు పొరను కొద్దిగా తీసి అతుకు వేస్తారు. మన విశాఖలో ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధంగా ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది.

కట్టు విప్పిన రోజే వినపడాలని కుటుంబం ఆశపడుతుంది. అలా జరగదు. అతుకు కదలకుండా చెవిలో నింపిన పదార్థం కరగడానికి వారాలు పడుతుంది. అంతవరకు ముందుకన్నా తక్కువ వినపడినా కంగారు పడనక్కర్లేదు. సాధారణంగా రెండు మూడు నెలలకు వినికిడి పరీక్ష చేస్తారు.

ఎంత వినికిడి తిరిగివస్తుందో ఆపరేషన్‌కు ముందు పరీక్షే చాలావరకు చెబుతుంది. శబ్దాన్ని గాలి ద్వారా ఒకసారి, ఎముక ద్వారా ఒకసారి వినిపిస్తారు. గాలి ద్వారా 45 డెసిబెళ్లు, ఎముక ద్వారా 15 వచ్చాయనుకోండి. మధ్యనున్న 30 డెసిబెళ్ల తేడాను తగ్గించడమే ఆపరేషన్ పని. తేడా 10కి దిగితే మంచి ఫలితం. అదే 45, 40 వస్తే లోపం నరంలో ఉన్నట్టు. అతుకుతో చీము ఆగవచ్చుగానీ వినికిడి పెద్దగా పెరగదు. పోర్టులోనో ఉక్కు కర్మాగారంలోనో ఏళ్లతరబడి పెద్ద శబ్దాల మధ్య పనిచేసినవారికి ఈ సంగతి ముందే చెప్పాలి. మూడు ఎముకలు అరిగిపోయి ఉంటే, పొర అతికినా వాటినీ సరిచేస్తేగాని పూర్తి ఫలితం రాదు.

డాక్టరు చెప్పేవరకు ముక్కు గట్టిగా చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. బరువులెత్తకూడదు. సముద్రస్నానం మానాలి. తలస్నానం, గుస్ల్ వేళ వాజ్‌లైన్ రాసిన దూదితో చెవి మూసుకోవాలి. వుజూలో నీళ్లు ముక్కులోకి బలంగా పీల్చకూడదు. కట్టు ఉన్నన్నాళ్లూ ధర్మంలో ఉన్న వెసులుబాటు గురించి ఇమామ్ గారిని అడగాలి. సజ్దా ఎప్పటినుంచి చేయవచ్చో డాక్టరునే అడగాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. చీము ఆగిందని, బస్సు చార్జీకి డబ్బు లేదని, ఒకరోజు కూలి పోతుందని పేదవారు తిరిగి ఆసుపత్రికి వెళ్లరు. అతుకు వదిలిందో, ఎముకలో లోపముందో ఎవరికీ తెలియదు. కాబట్టి ఒక ఆపరేషన్‌కు సాయం చేసేటప్పుడే చెవి చుక్కల మందుకు, రాకపోకలకు, మూడో నెల పరీక్షకు కూడా కొంత కేటాయిద్దాం. ఏడాది చివర ఎన్ని ఆపరేషన్లు చేయించామన్నదే కాదు, ఎందరికి వినికిడి పెరిగిందో కూడా లెక్క చూసుకుందాం.