వాడు చదువుతూనే ఉన్నాడు తల్లీ!

సమస్య

మాది నరసరావుపేట. మా అబ్బాయి ఈ జూన్‌లో ఏడో తరగతికి వస్తాడు. ఎంత మొత్తుకున్నా పుస్తకం పట్టడు. సెలవుల్లో చదవమని స్కూల్లో పది ఇంగ్లీషు కథల పుస్తకాల లిస్టు ఇచ్చారు. ఒక్కోదానికి ఒక వర్క్‌షీటు: పాత్రల పేర్లు, కొత్త మాటలు, కథలో నీతి. అన్నీ కొన్నాను. మే సగమైంది, రెండు పుస్తకాలు కూడా కాలేదు. రోజూ ఇరవై పేజీలు చదివితేనే ఫోనిస్తానంటే, గబగబా తిప్పేసి అయిపోయిందంటాడు. దీనికి తోడు మా మామగారికి శుక్లం ఆపరేషన్ అయింది. కొత్త కళ్ళజోడు వచ్చేదాకా చదవలేరు. వీడు మధ్యాహ్నం అన్నం తినగానే ఆయన గదిలో దూరి, ఆయన బైండు చేయించుకున్న పాత చందమామలు పొద్దువాలేదాకా చదివి వినిపిస్తాడు. బేతాళుడి ప్రశ్న రాగానే ఆయన పుస్తకం మూయించి "నువ్వు చెప్పరా" అంటారు. ఇక ఇద్దరికీ వాదన. ఆ టైమంతా వేస్టు. ఆయన నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి? వీడి చేత లిస్టు ఎలా పూర్తి చేయించాలి?

- ఒక తల్లి

సలహా

అమ్మా, పుస్తకం పట్టడని మొదట్లో రాశారు. పొద్దువాలేదాకా చదువుతాడని చివర్లో మీరే రాశారు. మీ ఉత్తరానికి జవాబు రాయాలనిపించింది ఆ చివరి మాటల వల్లే. మీ మీద కోపమూ వచ్చింది.

లిస్టు సంగతి తేలిక. పదింటిలో వాడికి నచ్చినవి రెండు తీసుకోనివ్వండి. ఇరవై పేజీలకు ఫోను అనే బేరం ఈరోజే మానేయండి. చదువు కూలిపనీ, ఫోను కూలీ అని మీరే నేర్పుతున్నారు. ఇంగ్లీషు గురించి బెంగ ఉంటే, ఆ రెండు పుస్తకాల కథా తాతయ్యకు తెలుగులో చెప్పమనండి. అర్థం కానిదే చెప్పలేడు.

ఇక మీరు వేస్టన్న టైము. 1947లో మొదలైన చందమామను 1952 నుంచి 1980లో పోయేదాకా నడిపించినవారు కొడవటిగంటి కుటుంబరావు. అందులో తెలుగు ఎంత తేటగా ఉంటుందో ఒక పేజీ తీసి చూడండి. మన పిల్లలకు ఇవాళ ఎక్కడా దొరకనిది అదే. బేతాళుడు అడిగేవి తీర్పు చెప్పాల్సిన ప్రశ్నలు: వీళ్ళలో ఎవరిది గొప్ప త్యాగం, రాజు చేసింది న్యాయమేనా, ఆమె ఎందుకు కాదంది? మీ మామగారు పేజీ తిప్పనివ్వకుండా ముందు మనవడి తీర్పు వింటున్నారు. వాడు కారణం చెప్పాలి, ఆయన ఒప్పుకోకపోతే ఇంకో కారణం వెతకాలి. 'కథలో నీతి' అని ఒక గీత గీసి ఖాళీ వదిలిన షీటులో ఈ పని జరుగుతుందా? ఏ నీతి రాస్తే మార్కులు పడతాయో పిల్లలకు రెండో షీటుకే తెలిసిపోతుంది.

ఇంకో సంగతి మీరు బొత్తిగా గమనించలేదు. మన ఇళ్ళల్లో పన్నెండేళ్ళ పిల్లాడితో ఎవరికీ ఏ అవసరమూ ఉండదు. అన్నీ వాడికి అమర్చిపెడతాం, మంచినీళ్ళతో సహా. ఏదో ఒకనాడు ఉద్యోగం తెచ్చుకుంటే చాలంటాం. పెద్దవాళ్ళనేమో ఓ గదిలో ఉంచి, వేళకింత కంచం పెట్టి, మందులు గుర్తు చేసి, చేయాల్సిందంతా చేశామనుకుంటాం. ఒకే ఇంట్లో రెండు తరాలు ఒకళ్ళకొకళ్ళు అక్కర్లేకుండా బతికేస్తాయి. మీ ఇంట్లో అలా లేదు. చూపు ఆనని ముసలాయనకు మీవాడి కళ్ళు కావాలి. కథ తెలిసిన తాత వాడికి కావాలి. ఇంతటి అదృష్టాన్ని టైము వేస్టు అని ఎలా రాయగలిగారు తల్లీ?

మామగారికి ఏమీ చెప్పకండి. కళ్ళజోడు వచ్చాక కూడా ఈ చదువు ఆగకుండా చూడండి. బేతాళ కథలు అయ్యాక దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళున్నాయి: తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం. వాడికి నవ్వాలనిపిస్తే ముళ్ళపూడి బుడుగు, మొక్కపాటి బారిస్టర్ పార్వతీశం ఇవ్వండి. మీ ఊరి గ్రంథాలయంలో వాడి పేరు మీదే కార్డు తీయించి, పుస్తకం వాడినే ఎంచుకోనివ్వండి. మీరు చేయి పెట్టకండి.

జూన్‌లో పది షీట్లూ నిండలేదని స్కూల్లో అడిగితే, సెలవుల్లో మీవాడు ఏమేం చదివాడో, ఎవరికి చదివి వినిపించాడో ఒక తెల్లకాగితం మీద రాసి, కింద మీరు సంతకం పెట్టి పంపండి.