గడ్డికోత బండి బయలుదేరకున్న కారణమెట్లు వెదకవలయును?

1830వ సంవత్సరమున ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైరు ప్రాంతమునకు చెందిన ఎడ్విన్ బడ్డింగు అను నతడు పచ్చికను సమముగా కోయు యంత్రమునకు పేటెంటు పొందెను. అంతకు పూర్వము ఆ పనికి కొడవళ్ళును, గొఱ్ఱెల మందలును ఆధారములు. నాడు మనిషి త్రోయవలసిన ఆ యంత్రమే క్రమముగా పెట్రోలు ఇంజనును, ఆసనమును సంతరించుకొని, పైన కూర్చుండి తోలు చిన్న బండి యైనది. అమెరికాలో విశాలమైన పెరడు గల ఇండ్లలో ఇది సామాన్యముగా కనబడును.

ఇట్టి బండి ఒక్కొక్కప్పుడు తాళపుచెవి త్రిప్పినను బయలుదేరదు. అప్పుడు పలువురు తొందరపడి ఒక్కొక్క భాగమును మార్చుచు పోవుదురు. ధనము వ్యయమగునే కాని దోషము తెలియదు. నాడి చూడక మందిచ్చు వైద్యుని ఎవరు మెత్తురు? యంత్రమునకును నాడి కలదు. దానిని చూచు విధము ఈ పాఠమున తెలిసికొందము.

మొదటి ప్రశ్న ఇది: తాళపుచెవి త్రిప్పినపుడు ఇంజను తిరుగుచున్నదా, లేదా? దీనికి వచ్చు సమాధానమును బట్టి మన వెదకులాట రెండు దారులుగా చీలును.

ఇంజను తిరుగకున్నచో దోషము విద్యుత్తుకు సంబంధించిన దని భావింపవచ్చును. అప్పుడు చెవియొగ్గి వినవలయును. "టక టక" మని వేగముగా శబ్దము వచ్చినచో బ్యాటరీ బలహీనమైన దని తలంపవచ్చును. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా నున్నపుడు సుమారు 12.6 వోల్టులు చూపును. 12 వోల్టులకు దిగినచో దానిని చార్జి చేయవలయును. బ్యాటరీ కొనలపై తెల్లని పొక్కు పేరుకొనినను విద్యుత్తు సరిగా ప్రవహింపదు. ఒక్కసారి మాత్రము "టక్కు" మని ఊరకున్నచో సొలెనాయిడును, తీగల బిగింపును, స్టార్టరు మోటారును పరీక్షింపవలయును.

ఏ శబ్దమును లేకున్నచో ఫ్యూజును చూచి, పిమ్మట రక్షణ స్విచ్చులను చూడవలయును. బ్రేకు పెడలు వద్ద ఒకటి, కోత బ్లేడును కలుపు మీట వద్ద ఒకటి, ఆసనము క్రింద ఒకటి యుండును. బ్రేకు త్రొక్కకున్నను, బ్లేడు మీట కలిపి యున్నను యంత్రము బయలుదేర నిరాకరించును. ఇది దోషము కాదు, దాని ధర్మము. కొందఱు విసుగుచెంది ఈ స్విచ్చుల తీగలను ఒకదానితో నొకటి కలిపివేయుదురు. బండి బయలుదేరును, నిజమే. కాని నడుపువాడు జారిపడినను బ్లేడు తిరుగుచునే యుండును. ఒక గంట కాలము మిగుల్చుకొన బోయి కాలును పోగొట్టుకొనుట వివేకమా?

ఇక ఇంజను తిరుగుచును అంటుకొనకున్నచో మూడింటిని వెదకవలయును: పెట్రోలు, గాలి, నిప్పురవ్వ. నెలల తరబడి ట్యాంకులో నిలువయున్న పెట్రోలు చెడి జిగురుగా మాఱి, కార్బ్యురేటరులోని సన్నని రంధ్రములను మూసివేయును. ట్యాంకు మూతలోని గాలిరంధ్రము పూడినను పెట్రోలు దిగదు. కొబ్బరికాయకు ఒక్క కన్నే పొడిచినచో నీరు ధారగా రానట్లే ఇదియును. గాలిని వడగట్టు ఫిల్టరు దుమ్ముతో నిండినచో తగినంత గాలి లోనికి పోదు.

ఈ సందర్భమున స్పార్కు ప్లగ్గు మంచి సాక్షి. ఇంజను చల్లారిన పిమ్మట దానిని విప్పి చూడవలయును. కొన పొడిగా నున్నచో పెట్రోలు అందుటలేదు. తడిగా నున్నచో పెట్రోలు అందినది. నిప్పురవ్వ పుట్టకపోవుటయో, పెట్రోలు మితిమీరి చేరుటయో కారణమై యుండును. ఈ విధముగా ఒక్క పరీక్షతో సగము సందేహములు తొలగును.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు యంత్రము విప్పునపుడు పెద్దలు దగ్గఱ నుండవలయును. బ్లేడు దాపునకు చేయి పోకమునుపే తాళపుచెవి తీసి, ప్లగ్గు తీగను ఊడదీయవలయును. పెట్రోలు ఆవిరి దగ్గఱ దీపము గాని, బీడీ గాని ఉండరాదు.

గడ్డికోత బండి మన యిండ్లలో లేకపోవచ్చును. అయినను పొలములోని పెట్రోలు పంపుసెట్టు ఆగినను, మోటారు సైకిలు మొండికెత్తినను అడుగవలసిన ప్రశ్నలు ఇవియే. సులభమైన దానిని ముందుగా చూడుము. ఒక మారు ఒక్క దానినే మార్చుము. నిన్ను కాపాడు దానిని ఎన్నడును తొలగింపకుము.

ప్రశ్నలు

1. తాళపుచెవి త్రిప్పగా ఏ శబ్దమును రాలేదు. వరుసగా వేనిని పరీక్షింతువు?
2. ప్లగ్గు కొన పొడిగా నున్నది. దోషము ఎచ్చట నుండవచ్చును?
3. రక్షణ స్విచ్చును తొలగింపరాదనుటకు కారణమేమి?